గ్రాములమ్మ తూచిన కంచం

మా ఆడపడుచు డిగ్రీలో పోషకాహార శాస్త్రం తీసుకుంటానని చెప్పినప్పుడు ఇంట్లో అందరికంటే ముందు నవ్వింది నేనే. తినడానికీ ఒక శాస్త్రమా, దానికి మూడేళ్ళ చదువా, చివర్లో ఓ పట్టానా అని అడిగాను. పుట్టిన పిల్ల ఎవరూ నేర్పకుండానే నోరు తెరుస్తుంది కదా, ఇక కాలేజీ ఏం నేర్పుతుంది? మా చిన్నత్తగారు ఫోన్ చేసి మరీ దీర్ఘాలు తీసింది. ఇంట్లో వదిన వండుతుంటే చూసి నేర్చుకునేదానికి ఫీజులు కట్టడం ఎందుకంది. మా ఆయన ఎలక్ట్రీషియన్. ఏ చదువైనా ఆయనకు ఒకటే ప్రశ్న, ఉద్యోగం వస్తుందా రాదా అని. వస్తుందో రాదో తనకూ తెలియదని పిల్ల నిజమే చెప్పింది. అప్పుడు మా మామయ్య కుర్చీలోంచే "రైట్ రైట్" అన్నారు. దాంతో ఆ మాట ఖాయమైపోయింది.

ఆయన సిటీ బస్సులో కండక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. బస్సు కదలమని డ్రైవరుకు చెప్పే ఆ మాటే ఇంట్లోనూ అన్నిటికీ ఆయన ఒప్పుకోలు. నా పెళ్ళిచూపుల్లో కూడా అదే అన్నారట, నేను లోపలికి వెళ్ళాక. వీధిలో పిల్లలు ఆయన్ని రైట్ రైట్ తాతయ్య అంటారు. అత్తగారు పోయేసరికి మా ఆడపడుచు ఇంకా బడికి పోయే వయసు కూడా కాదు. డ్యూటీకి డ్యూటీకి మధ్య ఇంటికి పరిగెత్తుకొచ్చి, యూనిఫాం విప్పకుండానే ఆ పిల్లకు ముద్దలు తినిపించి మళ్ళీ బస్సెక్కేవారట. నేను కాపురానికి వచ్చేనాటికి అది రెండు జడల పిల్ల. అంచేత నాకు సగం ఆడపడుచు, సగం కూతురు. దాన్ని తిట్టే హక్కు ఈ ఇంట్లో నా ఒక్కదానికే ఉంది. నా కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ మాట నేను చెప్పుకుంటాను గానీ ఇంకొకరంటే ఊరుకోను.

మొదటి ఏడాదే అది నా వంటింటి మీద పడింది. అరచేతిలో పట్టేంత తూకం మిషనొకటి కొనుక్కొచ్చి, గరిటెడు అంటే ఎంత వదినా అని అడిగింది. గరిటెడంటే గరిటెడే అన్నాను. నా గరిటెలన్నీ వరసగా నీళ్ళతో నింపి, కొలత గ్లాసులో పోసి చూసి, ఏ రెండూ ఒక్కటి కావని తేల్చింది. ఇన్నేళ్ళుగా చేయి తిరిగిన వంట నాది, అందులో కొలత లేదంటే ఒళ్ళు మండదా? పైగా నేను చూడకుండా గరిటెల లోపల గోళ్ళరంగుతో గీతలు పెట్టింది. ఆ రోజు నుంచి దానికి గ్రాములమ్మ అని పేరు పెట్టాను. వీధిలోనూ అదే స్థిరపడింది.

ఇంకో రోజు పట్టకారు లాంటి సాధనం తెచ్చి, ఒంట్లో కొవ్వెంతుందో చూస్తానంటూ ఇంటిల్లిపాదినీ జబ్బ మీద గిల్లింది. కట్టుకున్న మొగుడు కూడా నన్ను అంత ధైర్యంగా గిల్లలేదు. వచ్చిన అంకె నాకు చెప్పబోతే చెవులు మూసుకున్నాను.

నవ్వులాటగా చెబుతున్నాను గానీ ఆ చదువు తేలికైంది కాదు. తిన్న ముద్ద లోపల ఏయే మార్పులు చెంది రక్తంగా, కండగా మారుతుందో ఆ వరసంతా బట్టలు ఉతుకుతూ వల్లెవేసేది. ఓ పరీక్ష తప్పి రెండు రోజులు ముసుగు తన్నింది. ల్యాబులో విటమిన్ సి ఎంతుందో తేల్చడానికి నిమ్మరసానికి చుక్కచుక్కగా రంగుమందు కలుపుతూ, లేత గులాబీ రంగు నిలిచేదాకా ఊపిరి బిగబట్టి కూర్చునేదట. ఓసారి అలాగే, మూత పెట్టకుండా గంటసేపు ఉడికించిన క్యాబేజీలో ఆ విటమిన్ ఎంత మిగిలిందో లెక్క తీసి నాకు చూపించింది. దాదాపు ఏమీ మిగల్లేదు. నా వంటనే దెప్పుతోందని రెండు పూటలు మాట్లాడలేదు. ఆ తర్వాత మూత పెట్టే వండుతున్నాను. ఆ సంగతి దానికి చెప్పలేదు, ఎందుకు చెప్పాలి?

రెండో ఏడాది ఆసుపత్రి వార్డులకు పంపారు. అక్కడ వాళ్ళ మేడం నేర్పిన మొదటి పాఠం, కంచం కంటే ముందు నోరు చూడమని. నాలుక, చిగుళ్ళు, పళ్ళు చూసి, ఆ తర్వాతే ఏం తింటున్నారని అడగాలట. ఇక చూడండి, టార్చి పట్టుకుని వీధంతా నోళ్ళు తెరిపించింది. నా నోరు తెరిపించడం సులువే, మూయించడమే కష్టమని మా ఆయన అన్నాడు. పక్కింటి టైలరు బాబాయి నోరు చూసింది, పాలు పోసే ఆవిడ నోరు చూసింది. మామయ్యను మాత్రం అడగలేదు. ఆయనవి కట్టుడు పళ్ళు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరం అనం. తలుపు వేసుకుని గానీ వాటిని తీసేవారు కాదు. జీవితమంతా ప్రయాణికులకు నవ్వుముఖం చూపించిన మనిషి, బోసినోరు కూతురికైనా చూపిస్తారా?

మూడో ఏడాది మొదట్లో ఆయన తుంటి పూర్తిగా మొరాయించింది. అన్నేళ్ళు కదిలే బస్సులో నిలబడ్డ కాళ్ళు కదా. మంచం దిగాలంటే పళ్ళబిగువున దిగేవారు. ఆపరేషన్ చేసి కీలు మార్చాలన్నాడు సర్జన్. కానీ మనిషి మరీ చిక్కిపోయాడు, రక్తంలో ప్రొటీన్ తక్కువగా ఉంది, ఈ స్థితిలో కోస్తే గాయం మానదు అన్నాడు. ముందు తిని బరువు పెరగాలి, పెరిగితేనే కత్తి పట్టుకుంటాను, పెరగకపోతే లేదు. ఆలస్యమైతే కాలి కండ కరిగిపోయి ఇక మంచానికే అంకితమని కూడా చెప్పాడు. ఆ మాటలకు మామయ్య కిటికీలోంచి బయటికి చూశారు. మా గ్రాములమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

అందరూ నా వైపు చూశారు. వండేదాన్ని నేనే కదా! చిన్నత్తగారు ఫోన్లో, ఇంట్లో వేళకు పెడుతున్నారా అని మెత్తగా అడిగింది. పుండు మీద కారం చల్లడం ఎలాగో ఆవిడ దగ్గరే నేర్చుకోవాలి. మామగారి కడుపు మాడ్చిన కోడలన్న పేరు రావడం కంటే చావు నయమనిపించింది నాకు.

ఆ ఏడాది గ్రాములమ్మ ప్రాజెక్టు చేయాలి. ఒక పెద్దవయసు మనిషిని ఎంచుకుని, పూటపూటా ఏం తిన్నారో తూచి, వారం వారం బరువు చూస్తూ, ఆహారం మార్చి ఫలితం చూపించాలి. నాన్ననే తీసుకుంటానంది. సొంత మనుషులు వద్దులే, వాళ్ళతో కష్టం అని మేడం వారించిందట. ఇది వినలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవాలి అంది. చదువూ, తండ్రి కాళ్ళూ రెండూ ఒక్క తక్కెడలో పెట్టుకుంది పిచ్చిది.

కాలు చాపుకుంటే గానీ నొప్పి ఓర్చుకోలేరు కాబట్టి మామయ్య తన గదిలో మంచం మీదే, కిటికీ పక్కన తినేవారు. వడ్డించగానే కంచం తూచేది. తిని పంపాక మిగిలింది తూచేది. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే తిన్నదెంతో తేలుతుంది. గుడ్లు, పప్పు, మాంసం, రొట్టె, గట్టిగా కాచిన పాలు, ఏది చెబితే అది వండాను. తినేటప్పుడు ఎవరూ దగ్గర ఉండొద్దు, మొహమాటంగా ఉంటుంది అన్నారు మామయ్య. సరే అన్నాం. కంచం ఎప్పుడు చూసినా అద్దంలా తిరిగొచ్చేది. మెతుకు మిగల్లేదు. చిన్నత్తగారికి నేనే ఫోన్ చేసి ఆ మాట చెప్పాను, ఓ పది రకాలుగా.

బరువు మాత్రం తగ్గింది.

మొదటి వారం మిషను తప్పనుకుంది. ఉప్పు ప్యాకెట్లు పెట్టి చూసింది, మిషను సరిగ్గానే ఉంది. లెక్కలు మళ్ళీ వేసింది. ఆ తిండికి ఆరోగ్యంగా ఉన్న మనిషైతే ఒళ్ళు చేయాలి. తిన్నది ఒంటబట్టడం లేదంటే లోపల ఏదో ఉందన్నమాటే అన్నాడు డాక్టరు. షుగరు చూశారు, థైరాయిడ్ చూశారు, కడుపు స్కానింగు చేశారు. అన్నీ బాగున్నాయి. బాగున్నాయన్నకొద్దీ మాకు భయం పెరిగింది. ఒక జబ్బు పేరు ఇంట్లో అందరి మనసులోనూ ఉంది, ఎవరూ పైకి అనలేదు. ఇంకొంచెం తగ్గితే నా జాబితాలోంచి తీసేస్తానని సర్జన్ చెప్పేశాడు. గ్రాములమ్మ తిండి మానేసింది. పక్కవాడికి పెట్టే చదువు చదువుతూ నువ్వు మాడుతున్నావేమే అని తిట్టాను గానీ, నాకూ ముద్ద దిగేది కాదు.

అలాంటి రోజుల్లో ఓ ఆదివారం పక్కింటి టైలరు బాబాయి తన కుక్కను రెండు చేతులా ఎత్తుకుని వచ్చాడు. దాని పేరు దొర. ఒకప్పుడు బక్కప్రాణి, పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉండేది. ఇప్పుడు దాన్ని మోసి బాబాయికి ఆయాసం వచ్చింది.

"అమ్మాయ్, నువ్వు తిండి చదువు చదువుతున్నావుగా, వీడి సంగతి చూడు" అన్నాడు. "నేను పెట్టేది పొద్దునో రొట్టె, సాయంత్రం ఓ రొట్టె. ఇప్పుడు అదీ ముట్టడం లేదు. మరెట్లా బలుస్తున్నాడో నాకర్థం కావట్లేదు. నీళ్ళు పట్టిందంటావా?"

చాన్నాళ్ళ తర్వాత ఇంట్లో అందరం నవ్వాం. గ్రాములమ్మ కూడా నవ్వి, టేపు తెచ్చి దొర నడుముకు చుట్టింది. కుక్కలకు మా సిలబస్ లేదు బాబాయ్ అంది. బాబాయి మాత్రం తన గోడు ఆపలేదు. మధ్యాహ్నమైతే చాలు, వీడు మీ నాన్న గది కిటికీ కింద చేరతాడు, పిలిచినా రాడు, ఏం చల్లదనం ఉందో అక్కడ అన్నాడు. టేపు పట్టుకున్న గ్రాములమ్మ చెయ్యి అక్కడే ఆగింది. నేను దాని ముఖం చూశాను, అది నా ముఖం చూసింది.

మర్నాడు మధ్యాహ్నం ఎప్పటిలాగే కంచం తూచి లోపల పెట్టి వచ్చింది. వంటింట్లో కూర్చోకుండా వీధిలోంచి చుట్టూ తిరిగి బాబాయి పెరట్లోకి వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను. కిటికీలోంచి మామయ్య చెయ్యి బయటికి వచ్చింది. ముందు గుడ్డు. తర్వాత మాంసం ముక్కలు, ఒక్కొక్కటే. దొర పెళ్ళివారిలా మర్యాదగా అందుకుంటోంది. చివరికి రొట్టెతో కంచం శుభ్రంగా తుడిచి, ఆ రొట్టె కూడా దానికే వేశారు.

నాకు కళ్ళు ఎర్రబడ్డాయి. పొయ్యి దగ్గర మాడి మసై నేను వండిందంతా కుక్కపాలా? చిన్నత్తగారి చేత మాటలు పడింది దీనికా? గిరుక్కున తిరిగి లోపలికి పోబోతే గ్రాములమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఆగు వదినా. నేనడుగుతాను" అంది.

లోపలికి వెళ్ళి మంచం మీద ఆయన పక్కన కూర్చుంది. ఖాళీ కంచం ఆయన ఒళ్ళో ఉంది. మామయ్య దొంగకు తేలు కుట్టినట్టు ఉండిపోయారు. ఇది కేకలెయ్యలేదు, కుక్క ఊసెత్తలేదు. ఆకలి వేయట్లేదా నాన్నా అని మాత్రం అడిగింది.

"మొదట్లో వేసేదమ్మా" అన్నారాయన. "నమలలేకపోతున్నా, పాలు మాత్రం తాగుతున్నా. నోరంతా మంట. ఇప్పుడు ఆకలి కూడా పోయింది."

"మరి కంచంలో వదిలెయ్యొచ్చుగా నాన్నా. ఖాళీ చేసి ఎందుకు పంపావు?"

"నువ్వు తూచి రాసుకుంటావుగా. వదిలేస్తే నీకు మార్కులు పోతాయనుకున్నా. నాన్న తినలేదని నువ్వు ఫెయిలైతే నేనేమైపోవాలి?"

నా కోపం ఎటు పోయిందో తెలియదు. గుమ్మంలో అటు తిరిగి నిలబడ్డాను, కోడలి ముందు ఆయన సిగ్గుపడకూడదని. వెనక నుంచి గ్రాములమ్మ గొంతు వినిపించింది. "నోరు తెరువు నాన్నా." చిన్నప్పుడు నువ్వంటే నేను తెరవలేదా అంది. ఆ మాటకు పళ్ళసెట్టు గిన్నెలో పెట్టిన చప్పుడు వినిపించింది.

చిగుళ్ళ నిండా పుళ్ళు. తుంటి నొప్పితో తిండి తగ్గింది, మనిషి చిక్కాక దవడ చిక్కింది, పళ్ళు వదులయ్యాయి, వదులైన పళ్ళు రాసుకుని చిగుళ్ళు పుండ్లయ్యాయి, ఇక ముద్ద నమిలేదెలా? బయటికొచ్చి నా భుజం మీద పడి ఏడ్చింది. వార్డులో ఎన్ని నోళ్ళో తెరిపించింది కదా, నాన్న వంతు వచ్చేసరికి ప్రాజెక్టు కాగితంలో నోరు అన్న చోట, చూడకుండానే, బాగుంది అని రాసేసిందట. అడగడానికి మొహమాటమేసి. ఏడవనిచ్చి, తర్వాత ముఖం కడుక్కురమ్మన్నాను. రోగం ఏమిటో తెలిసింది, అది కడుపులో కాదు నోట్లో ఉంది, ఇంతకంటే శుభవార్త ఏముంటుందని గదమాయించాను. అప్పుడు గానీ దానికీ తట్టలేదు. ఏడుపు మధ్యలోనే నవ్వింది.

పళ్ళ డాక్టరు పుళ్ళు మానేదాకా సెట్టు పెట్టుకోవద్దన్నాడు, తర్వాత కొత్తగా కొలత తీసి సరిచేస్తానన్నాడు. ఇక నా వంతు. నమలక్కర్లేని తిండిలో బలం ఎలా పెట్టాలో అది చెప్పేది, నేను చేసేదాన్ని. పప్పు వెన్నలా మెదిపాను, గుడ్డు పాలలో గిలకొట్టి ఆవిరి మీద ఉడికించాను, పల్లీలు మెత్తగా నూరి అరటిపండులో కలిపాను. ఇంతింతే, మాటిమాటికీ. మామయ్య గది తలుపు తీసే ఉంచాం. కంచంలో వదలొచ్చు, నచ్చకపోతే నచ్చలేదనొచ్చు అని కూతురు షరతు పెట్టింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా మామయ్యకు అడగడమూ రాదు, వద్దనడమూ రాదు, రెండూ కొత్తగా నేర్పాల్సి వచ్చింది.

కాలేజీ సంగతి మిగిలింది. అన్నాళ్ళ లెక్కా తప్పే, ఆ తిండంతా దొరది. ఎవరికి తెలుస్తుంది, ఇచ్చెయ్యి అన్నాడు మా ఆయన. అది వినలేదు. నేరుగా మేడం దగ్గరికెళ్ళి, కుక్కతో సహా జరిగిందంతా చెప్పింది. ఆవిడ తిట్టలేదట. ఇంటివాళ్ళు మనకు అబద్ధం చెప్పరు, మనల్ని సంతోషపెడతారు, అది ఇంకా ప్రమాదం, అందుకే వద్దన్నాను అందట. జరిగింది జరిగినట్టు రాసి, మొదట్నుంచీ మళ్ళీ తూచమంది. దాంతో తోటివాళ్ళంతా పట్టాలు పుచ్చుకున్నాక కూడా మా పిల్ల తూస్తూనే ఉంది. ఫోటోలు చూసి కాస్త ముఖం చిన్నబుచ్చుకుంది. అందరి ముందూ నిలబడి తన ప్రాజెక్టు గురించి చెప్పిన రోజున కుక్క దగ్గర హాలంతా నవ్విందట. కంచం ఖాళీ అయితే మనిషి తిన్నట్టు కాదు, ముందు నోరు చూడండి, సొంత నాన్నదైనా సరే అని ముగించేసరికి ఎవరూ నవ్వలేదట. ఇది మేడం చెబితే తెలిసింది, అది తన గొప్ప చెప్పుకోదు.

ఓ మధ్యాహ్నం మామయ్య కంచంలో సగం మిగిల్చి పంపారు. "ఇది బొత్తిగా మైదా జిగురులా ఉందమ్మా" అని నాకు కబురు కూడానూ. అలవాటుకొద్దీ మూతి ముడిచాను. గ్రాములమ్మ ఆ ఎంగిలి తూచి, ఎగిరి గంతేసినంత పని చేసింది. మిగిలింది చూసి అంత సంబరపడ్డ మనిషిని నేనెక్కడా చూడలేదు. బరువు మెల్లగా పెరిగింది. మధ్యలో కొత్త పళ్ళు ఒరుసుకుని ఓ వారం మళ్ళీ తగ్గితే అందరం కుదేలయ్యాం. కానీ ఈసారి నోరు మండుతోందని ఆయనే చెప్పారు. చివరికి సర్జన్ రక్తం రిపోర్టు చూసి తల పంకించి, ఆపరేషన్‌కు రోజు ఇచ్చాడు. పక్కింట్లో దొర మళ్ళీ రొట్టె తింటోంది, మా కిటికీ వంక నిష్ఠూరంగా చూస్తూ.

ఆ పొద్దున ఆసుపత్రిలో ఆయన్ని తీసుకెళ్ళడానికి సిద్ధం చేశారు. గ్లాసు నీళ్ళు కూడా తాగకూడదన్నారు. ఇంతలో పక్క మంచాలకు టిఫిన్ బండి వచ్చింది. కాల్చిన రొట్టె, ఉడికిన గుడ్ల వాసన. బండి ఎటు కదిలితే మామయ్య తల అటు తిరిగింది.

"అమ్మా, ఆకలేస్తోంది" అన్నారు.

కూతురు కొయ్యబారిపోయింది. ఎన్నాళ్ళయిందో ఆ మాట ఆ నోట విని. ఇంకోసారి చెప్పు నాన్నా అంది, కళ్ళనీళ్ళు కారిపోతుంటే తుడుచుకోకుండా.

"ఆకలేస్తోందంటే ఏడుస్తావేమిటే?" అని ఆయన విసుక్కున్నారు. ఓర్చుకో నాన్నా, అయిపోగానే నేనే తినిపిస్తానంది. తూచి తెస్తావా అని అడిగారు. తూచనంది. స్ట్రెచర్ కదిలింది. కదలమని చెప్పింది కూడా ఆయనే, రెండు మాటల్లో.

సాయంత్రం మెత్తగా కలిపి నేను తెచ్చిన అన్నం అది చెంచాతో తినిపించింది. నోరు తెరవమని అడగాల్సిన పని లేకపోయింది. గిన్నె ఖాళీ అయ్యాక ఆయన అందులోకి తొంగి చూసి, తర్వాత నా వైపు చూశారు.

"ఇంకాస్త ఉందా అమ్మా?"

"ఉంది మామయ్యా" అన్నాను.